సున్నాని ఎంతతో హెచ్చవేసినా...

"ఇవాళ తొమ్మిది మంది దూకార్రా!"

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే మా అమ్మ చెప్పే మొదటి వార్త ఇది. కంగారు పడకండి. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో, హాబ్సన్ స్ట్రీట్ మీద మా అపార్ట్‌మెంట్. బాల్కనీలోకి వస్తే ఎదురుగా స్కై టవర్. 328 మీటర్ల ఆ టవర్ మీద 192 మీటర్ల ఎత్తు నుంచి, ఒంటికి తీగ తగిలించుకుని, డబ్బులిచ్చి మరీ దూకుతారు జనం. మా అమ్మకి ఆ దూకేవాళ్ళని లెక్కపెట్టడం ఒక కాలక్షేపం. "వీళ్ళకి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు లేరా?" అని మొదటివారం తెగ బాధపడింది. రెండోవారం నుంచి లెక్క మొదలెట్టింది.

అమ్మ 2024 నవంబరులో ఆరు నెలల విజిటర్ వీసా మీద నూజివీడు నుంచి వచ్చింది. నేను పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే మళ్ళీ ఏడింటికే ఇంటికి చేరడం. మా ఆవిడదీ అంతే. అమ్మాయికి స్కూలు, ఆ తర్వాత స్విమ్మింగు. రోజూ భోజనాల దగ్గర నేను అడిగేవాణ్ణి, "ఎలా గడిచిందమ్మా ఇవాళ?" అని. "బాగానే గడిచింది నాన్నా" అనేది. ఈ రెండు ముక్కలూ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికే వస్తాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకో కాంట్రాక్టు తగిలింది. సిటీ సెంటర్‌లో ఉండే జనం మీద ఒకరు ఆన్‌లైన్ సర్వే చేయించారు (ఎవరో చెప్పను, చెప్పకూడదు కూడా). వచ్చిన జవాబులకి "వెయిట్లు" కట్టే ప్రోగ్రాం రాయడం నా పని. ఇరవయ్యేళ్ళ నుంచి డేటాబేసులతో కుస్తీ పడుతున్నాను గానీ, ఈ వెయిట్ల గోల నాకు కొత్త. మొదటి రెండు రోజులూ తల ఊపుతూ కూర్చున్నాను. మూడోరోజు మన పెళ్ళి భోజనాలు గుర్తొచ్చాక గానీ బుర్రకెక్కలేదు. మీకూ అలాగే చెబుతాను.

ఒక పెళ్ళిలో మూడు బంతులు భోజనాలు జరిగాయనుకోండి. బంతికి వందమంది, మొత్తం 300. మీరు పెళ్ళికూతురి బాబాయి. గుమ్మం దగ్గర నిలబడి, "భోజనాలు ఎలా ఉన్నాయండీ?" అని దొరికినవాళ్ళని దొరికినట్టు అడిగారు. మొదటి బంతివాళ్ళు తాంబూలం నములుతూ తీరిగ్గా ఉన్నారు కాబట్టి 40 మంది దొరికారు. రెండో బంతివాళ్ళు 15 మంది. మూడో బంతివాళ్ళు బస్సుకి టైమైపోయి పరిగెడుతూ 5 మందే దొరికారు. మొదటి బంతిలో 36 మంది బావున్నాయన్నారు. రెండో బంతిలో 9 మంది. మూడో బంతికి గారెలు అయిపోయాయి, సాంబారులో నీళ్ళు కలిశాయి. ఒక్కడే బావుందన్నాడు (వాడు వంటవాడి బావమరిది).

మొత్తం 60 మందిలో 46 మందికి నచ్చింది, అంటే 77 శాతం. వియ్యాలవారి దగ్గర మీసం మెలెయ్యొచ్చు. కానీ అది నిజం కాదని మీకూ తెలుసు, వంటవాడికీ తెలుసు. మొదటి బంతివాళ్ళు ఎక్కువమంది దొరికారంతే. కాబట్టి ఏం చేస్తామంటే, మొదటి బంతిలో దొరికిన ఒక్కొక్కరూ రెండున్నర మంది తరఫున (100/40) మాట్లాడుతున్నట్టు, రెండో బంతిలో ఒక్కొక్కరూ దాదాపు 6.7 మంది తరఫున, మూడో బంతిలో ఒక్కొక్కరూ 20 మంది తరఫున మాట్లాడుతున్నట్టు లెక్కేస్తాం. అప్పుడు 90, 60, 20 కలిపితే 300కి 170. అంటే 57 శాతం. మీసం దించుకోవాలి.

వెయిటింగ్ అంటే ఇదే. మన నేషనల్ శాంపిల్ సర్వేలో (1950లో మహలనోబిస్ మొదలెట్టినది) దీన్నే మల్టిప్లయర్ అంటారు. అసలు సర్వేల్లో బంతులకి బదులు వయసు, ఆడా మగా, జాతి, పేట, చదువు ఉంటాయి. వీటన్నిటి మొత్తాలూ సెన్సస్‌తో సరిపోయేదాకా వెయిట్లని అటూ ఇటూ సర్దుతూనే ఉంటుంది ప్రోగ్రాం. 1940లో డెమింగ్, స్టీఫన్ అనే ఇద్దరు రాసిన పద్ధతి. ఇప్పటికీ అదే నడుస్తోంది.

అయితే ఊరికే ఏదీ రాదు కదా. ఆ మూడో బంతిలో ఇంకొక్కడు మనసు మార్చుకుని "బాగానే ఉందిలెండి" అన్నాడనుకోండి. లెక్క 57 నుంచి ఒక్కసారి 63 శాతానికి ఎగురుతుంది! ఒక్క మనిషి మాటకి అంత బలం. లెస్లీ కిష్ అనే ఆయన చెప్పిన సూత్రం ఒకటుంది, దాని ప్రకారం ఈ 60 మంది జవాబులూ వెయిట్లు కట్టాక సుమారు 31 మందిని అడిగినంత నమ్మకాన్నే ఇస్తాయి. వంకర సరిచేసుకున్నందుకు సగం శాంపిల్ ఖర్చయిపోయిందన్నమాట.

ఇది మరీ ముదిరితే ఎలా ఉంటుందో 2016 అమెరికా ఎన్నికల్లో చూశాం. లాస్ ఏంజిలిస్ టైమ్స్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి సుమారు 3,000 మందిని పదేపదే అడుగుతూ ఒక పోల్ నడిపాయి. అందులో ఇలినాయ్‌కి చెందిన 19 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు ఒకడున్నాడు. ఆ వయసు, ఆ జాతి వాళ్ళు శాంపిల్లో బాగా తక్కువ. దాంతో అతనికి ఒక్కోసారి సగటు మనిషికంటే 30 రెట్లు వెయిటు పడింది. అతనేమో ట్రంప్ మనిషి! అతను శాంపిల్లోంచి తప్పుకున్న వారం హిల్లరీ ముందుకొచ్చింది. ఆ అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టింది. ఆ కుర్రాడు ఏ తప్పూ చెయ్యలేదు పాపం, అడిగితే జవాబు చెప్పాడు.

పోనీ వెయిట్లు మానేసి, బోలెడంతమందిని అడిగేస్తే పోలా? అదీ అయింది. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకి పైగా తిరిగొచ్చాయి. ఇంకేం, లాండన్ గెలుస్తాడని చెప్పేశారు. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళ జాబితాలు పట్టుకుని అడిగితే, ఆ కరువు రోజుల్లో అలాగే ఉంటుంది మరి. పైగా కార్డు అందుకున్నవాళ్ళలో జవాబు రాసింది నాలుగోవంతే. మొదటి బంతివాళ్ళని ఎన్ని లక్షల మందిని అడిగినా మూడో బంతి గురించి తెలీదు.

సరే, మన ఆఫీసుకొద్దాం. నా ప్రోగ్రాం నడిపి వెయిట్లని పెద్ద నుంచి చిన్నకి పేర్చి చూశాను. అన్నిటికంటే పైన ఒక వరస. 65 దాటిన ఆడమనిషి, ఏషియన్, సిటీ సెంటర్ అపార్ట్‌మెంట్. వెయిటు సగటుకి 11 రెట్లు. ఆ గడిలో ఆవిడ ఒక్కతే. సర్వేలో ఒక ప్రశ్న ఉంది: పగటిపూట పెద్దవాళ్ళు వచ్చి కూర్చునే చోటు ఒకటి పెట్టి, అక్కడ మీ భాష మాట్లాడే మనిషిని కూడా ఉంచితే వస్తారా? మిగతా జనం దాదాపు అంతా "అక్కర్లేదు" అన్నారు. వాళ్ళలో ఎక్కువమంది స్టూడెంట్లూ, మాలాంటి ఉద్యోగస్తులూ మరి. ఈవిడ "తప్పకుండా" అంది. కింద వివరం రాయమన్నచోట ఇంగ్లీషులో ఒకే వాక్యం రాసింది. పగలు నాతో మాట్లాడేవాళ్ళు లేరు, అని దాని అర్థం.

మా ప్రాజెక్టు లీడ్ స్టాటిస్టిక్స్ బాగా చదువుకున్న కివీ ఆవిడ. చూసి, "దీన్ని 5కి కత్తిరించు" అంది. మరీ పెద్ద వెయిట్లని ఒక హద్దు దగ్గర ఆపెయ్యడం ఈ పనిలో మామూలే. లేకపోతే పైన చెప్పిన ఇలినాయ్ కుర్రాడి కథ అవుతుంది. నాకు తెలుసు. అయినా నోరాగలేదు. "ఉన్నదే ఒక్కావిడ, ఆవిడ గొంతు కూడా సగం నొక్కేస్తే ఎలా?" అన్నాను. ఆవిడ నిదానంగా చెప్పింది, "పదకొండు పెట్టినా ఐదు పెట్టినా అది ఒక్కావిడ గొంతే. మిగతావాళ్ళు ఆవిడలాగే అనుకుంటున్నారని నీకెలా తెలుసు? ఇంగ్లీషు చదివి, ఆన్‌లైన్‌లో ఫారం నింపగలిగిన మనిషి ఆవిడ. నింపలేనివాళ్ళ సంగతి ఆవిడకేం తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. ఉక్రోషం మాత్రం వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

ఈ మాట ఈ దేశానికి కొత్త కాదు. 2018 మార్చి 6న ఇక్కడ జరిగిన సెన్సస్‌లో ఇంటింటికీ ఫారాలు పంచడం బాగా తగ్గించి, కోడ్ ఉన్న ఉత్తరాలు పంపి ఆన్‌లైన్‌లో నింపమన్నారు. 2013లో 92.2 శాతం జనం ఫారం నింపితే, ఈసారి 83.3 శాతమే నింపారు. మావోరీలలో 68.2, పసిఫిక్ ద్వీపాలవాళ్ళలో 65.1. ఆ లోటుని వెయిట్లతో కాకుండా పన్నులు, ఆరోగ్యం, చదువుల రికార్డుల్లోంచి మనుషుల్ని వెతికి తెచ్చి పూడ్చారు. చివరి లెక్కలో సుమారు 11 శాతం మంది అలా వచ్చినవాళ్ళే. తలల లెక్క అయితే కుదిరింది. కానీ పన్నుల రికార్డులో మీది ఏ తెగ (ఇక్కడ 'ఈవీ' అంటారు) అని ఉండదు కదా. ఈవీల జనాభాని అధికారిక గణాంకాలుగా విడుదల చెయ్యలేకపోయారు. గవర్నమెంట్ స్టాటిస్టీషియన్ లిజ్ మెక్‌ఫర్సన్ 2019 ఆగస్టులో రాజీనామా చేశారు. మన వెయిట్లన్నీ సరిపోల్చుకునేది ఆ సెన్సస్‌తోనే. కొలబద్దకే వంకరొస్తే ఏం చేస్తాం? 2025 జూన్‌లో ప్రభుత్వం ఐదేళ్ళకోసారి చేసే ఈ సెన్సస్‌నే ఆపేస్తున్నామనీ, 2030 నుంచి రికార్డులతో, ఏటా చేసే చిన్న సర్వేలతో సరిపెడతామనీ ప్రకటించింది. ఇకమీదట వెయిట్లు కట్టేవాళ్ళకి చేతినిండా పనే.

ఆ రాత్రి ఉక్రోషం చల్లారక మన సి.ఆర్. రావు గారి పుస్తకం తీశాను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, తెలుగాయన, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చేసి, ప్రపంచంలోనే పెద్ద స్టాటిస్టీషియన్లలో ఒకరై, 2023లో 102 ఏళ్ళు దాటాక పోయారు. చిన్నప్పుడు ఆయన చదువుకున్న ఊళ్ళల్లో మా నూజివీడు కూడా ఒకటి (అందులో నా గొప్పేమీ లేదు, అయినా చెప్పుకుంటాను). ఆయన వెళ్ళిన చోటల్లా క్లాసులో మగపిల్లల్ని అడిగేవారట. నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు? అందరివీ కూడితే ఎక్కడైనా అన్నదమ్ములే ఎక్కువ తేలేవారు. ఏ ఊరైనా ఇంతే!

ఎందుకంటారా? అడిగింది మగపిల్లల్ని. నలుగురు కొడుకులున్న ఇంటికి ఆ క్లాసులో కనబడే అవకాశం ఒక్క కొడుకున్న ఇంటికంటే నాలుగు రెట్లు. జవాబు చెప్పిన కుర్రాళ్ళని మొత్తంలోంచి తీసేస్తే, మిగిలిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ దాదాపు సరిసమానం అవుతారని ఆయన చూపించారు. భలే కిటుకు. వెయిట్ల భాషలో చెప్పాలంటే, నలుగురు కొడుకుల ఇంటికి నాలుగోవంతు వెయిటు ఇవ్వాలి. ఇద్దరు కొడుకుల ఇంటికి సగం.

మరి అందరూ ఆడపిల్లలే ఉన్న ఇల్లో? ఆ ఇంటి నుంచి ఆ క్లాసులోకి వచ్చేవాడే లేడు. దాని వెయిటు ఒకటి బై సున్నా. ఆ ఇళ్ళ గురించి మనం ఏదైనా అనుకోవచ్చు, ఊహించవచ్చు, పక్కిళ్ళని బట్టి అంచనా వెయ్యొచ్చు. కానీ ఆ క్లాసులో కూర్చుని వాళ్ళ మాట మాత్రం వినలేం. తక్కువగా వినబడిన గొంతుని పెంచుకోవచ్చు. అసలు వినబడనిదాన్ని ఎంతతో హెచ్చవేసినా సున్నాయే.

లీడ్ చెప్పింది ఇదే. పుస్తకం మూసి పడుకున్నాను.

ఆ తర్వాత గురువారం, లిఫ్టులో ఒక నోటీసు అంటించి ఉంది. "మంగళవారం మధ్యాహ్నం ఫైర్ అలారం మోగినప్పుడు సహకరించినందుకు కృతజ్ఞతలు. ఎవరో వంట మాడ్చారు, ప్రమాదమేమీ లేదు." నా గుండె ఒక్కసారి గుభేలుమంది. మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. మాది 14వ అంతస్తు. అలారం మోగితే లిఫ్టులు వాడకూడదు.

"అమ్మా, మంగళవారం అలారం మోగిందా?"

"ఆఁ, మోగిందిరా. చెవులు చిల్లులు పడ్డాయనుకో."

"మరి నువ్వేం చేశావ్?"

"అందరూ మెట్లు దిగుతుంటే నేనూ దిగాను. ఎవరో చైనా పిల్ల చెయ్యి పట్టుకుంది పాపం. రోడ్డు మీద గంటసేపు నిలబెట్టారు. చెప్పులు వేసుకోలేదు, కాళ్ళు కాలాయి. ఫోను పైనే వదిలేశాను."

71 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఉత్తికాళ్ళతో 14 అంతస్తులు. ఆ రాత్రి కూడా నేను భోజనాల దగ్గర అడిగాను, ఎలా గడిచిందని. బాగానే గడిచింది నాన్నా, అంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరొచ్చేసరికి అంతా అయిపోయిందిగా. చెప్పడానికేముంది?"

అంతేనండి. అందులో కోపం లేదు, దెప్పడం అంతకన్నా లేదు. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను. నూట ఇరవై రోజులుగా రోజూ మా అమ్మని సర్వే చేస్తున్నాను నేను. రోజూ ఒకే ప్రశ్న, ఒకే టైముకి. లైట్లన్నీ వెలిగి, మనవరాలు పక్కన కూర్చుని, అందరం కంచాల ముందున్న ఆ ఒక్క గంటలో. అది మొదటి బంతి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా నేను ఒక్కసారి కూడా అడగలేదు. నూట ఇరవైకి నూట ఇరవై "బాగానే"లు! లిటరరీ డైజెస్ట్ వాళ్ళని చూసి నవ్వుకున్న పెద్దమనిషిని.

మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికెళ్ళాను. క్వీన్ స్ట్రీట్‌లోని మా ఆఫీసు నుంచి నడిస్తే పన్నెండు నిమిషాలు, కాస్త ఎత్తు ఎక్కాలంతే. ఇన్నాళ్ళూ తట్టలేదు. తలుపు తియ్యగానే అమ్మ లేచి నిలబడి, భయం భయంగా, "ఏరా, ఉద్యోగం పోయిందా?" అంది. టీవీ లేదు, లైటు లేదు. బాల్కనీ దగ్గర కుర్చీ, చేతిలో పాత కేలండర్ కాగితం. దాని వెనకాల గీతలు గీసి ఉన్నాయి. చాకలి పద్దులాగా నాలుగు నిలువు, ఒక అడ్డం. రోజుకింతమంది దూకారని. వానొచ్చిన రోజులు కూడా రాసిపెట్టింది. మా ఇంట్లో సరైన డేటా ఎవరి దగ్గర ఉందో అప్పుడు తెలిసింది.

ఇద్దరం పెరుగన్నం తిన్నాం. ఆ గంటలో ఆవిడ చెప్పిన సంగతులు, నాలుగు నెలల భోజనాల్లోనూ చెప్పనివి. కింద తలుపు బజర్ మోగితే చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుందట, వచ్చినవాడు ఇంగ్లీషులో ఏదైనా అడుగుతాడేమోనని. ఏ సర్వేవాడైనా వచ్చి బజర్ కొట్టి వెళ్ళిపోయాడేమో, ఎవరికి తెలుసు?

నిజానికి మా అమ్మ విజిటర్. రూలు ప్రకారం నా సర్వే జనాభాలోనే లేదు. కానీ పీఆర్ వచ్చి, ఇక్కడే స్థిరపడి, ఇలాగే తలుపు వెనకాల చప్పుడు చెయ్యకుండా కూర్చునే అమ్మలు ఈ బిల్డింగుల్లో ఉండరా? ఉంటే, ఆ 11 రెట్ల ఆవిడ వాళ్ళ తరఫున మాట్లాడినట్టా, కాదా?

సోమవారం లీడ్‌తో ఈ బజర్ సంగతి చెప్పాను. వెయిటు 5కే కత్తిరించాం. నేనే కత్తిరించాను. కానీ రిపోర్టులో ఆ గడి దగ్గర శాతం వెయ్యకుండా, ఈ గుంపు గురించి చెప్పడానికి మా దగ్గర డేటా లేదు, ఆన్‌లైన్‌లో ఇంకెంతమందిని అడిగినా రాదు, భాష తెలిసిన మనుషులు పగటిపూట వెళ్ళి అడగాలి అని రాశాం. "అక్కర్లేదన్నారు" అనే మాటకీ, "మేము అడగలేదు" అనే మాటకీ మధ్య తేడా రిపోర్టులో పడింది. అంతకంటే నేను చెయ్యగలిగిందేమీ లేదు. ఆ వాక్యం లీడే రాసింది, నాకంటే బాగా రాసింది.

మిగిలిన రెండు నెలలూ వారానికి రెండుసార్లు మధ్యాహ్నం ఇంటికెళ్ళేవాణ్ణి, ఏ రోజో ముందు చెప్పకుండా. "ముందే చెబితే కూర చేస్తాగా" అని విసుక్కునేది. అందుకే చెప్పేవాణ్ణి కాదు :)

అమ్మ 2025 మేలో వెళ్ళిపోయింది. ఆదివారం సాయంత్రం ఫోన్లు మానేశాను. ఎండాకాలంలో నాకు మధ్యాహ్నం పన్నెండున్నర అయితే నూజివీడులో తెల్లవారుజామున ఐదు. ఆవిడ లేచే వేళే. ఆ టైములో ఇంకా "బాగానే" అనే మాట సిద్ధంగా ఉండదు. మోకాలు పట్టేసిందనో, పాలవాడు రాలేదనో నిజం దొర్లుతుంది. మొన్న అలాగే ఆవులిస్తూ అడిగింది.

"ఇవాళ ఎంతమంది దూకార్రా?"

"చూడలేదమ్మా."

"ఒకసారి బయటికెళ్ళి చూసి చెప్పు. నేను లైన్లో ఉంటా."